అప్‌డేట్: .375 హెచ్ అండ్ హెచ్ తీసుకున్నాను

అలాస్కాలో మూస్ (భారీ దుప్పి లాంటి జంతువు) వేటకి .375 హెచ్ అండ్ హెచ్ తూటా వాడే రైఫిల్ మంచిదా, .458 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటా వాడేది మంచిదా, తూటాలు ఇంట్లోనే లోడ్ చేసుకుంటాను అని అడిగాను కదా. చివరికి .375 తీసుకున్నాను.

.458 అనేది 1956లో ఏనుగుల్లాంటి పెద్ద జంతువుల కోసం వచ్చింది. దగ్గర నుంచి 500 గ్రెయిన్ల (సుమారు 32 గ్రాముల) బుల్లెట్‌కి తిరుగులేదు. కానీ 2.5 అంగుళాల కేసులో (తూటా ఇత్తడి గొట్టంలో) పౌడర్‌కి చోటు తక్కువ, దూరం పెరిగేకొద్దీ బుల్లెట్ బాగా కిందికి దిగిపోతుంది. 1912 నాటి .375 మాత్రం 300 గ్రెయిన్ల బుల్లెట్‌ని సెకనుకి సుమారు 2,500 అడుగుల వేగంతో పంపుతుంది. 200 గజాల దాకా నిశ్చింత. భుజానికి తగిలే దెబ్బా తక్కువే.

అన్నిటికన్నా పనికొచ్చింది బెల్ట్ (కేసు అడుగు దగ్గర చుట్టూ ఉండే ఉబ్బెత్తు పట్టీ) గురించి మీరిచ్చిన సలహా. సైజింగ్ డైని (పేల్చిన కేసుని మళ్లీ కొలతకి తెచ్చే అచ్చుని) పూర్తిగా దించకుండా, కేసు భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) కొంచెమే వెనక్కి జరిగేలా పెట్టాను. ఇప్పుడు రైఫిల్ లోపల కేసు బెల్ట్ మీద కాకుండా తన భుజం మీద ఆనుతోంది, ఇత్తడి అంతగా సాగట్లేదు. అయినా ప్రతి కేసులోనూ వంచిన పేపర్ క్లిప్ కొనతో, బెల్ట్‌కి కాస్త పైన లోపలి గోడ తడిమి చూస్తున్నాను. గాడిలా తగిలితే, అంటే అక్కడ గోడ పలచబడితే, ఆ కేసు ఇక వాడను. దయచేసి ఈ పని ఎవరూ మానకండి.

సెప్టెంబర్ సీజన్‌లోపు 270 గ్రెయిన్ల బుల్లెట్ కూడా పరీక్షిస్తాను, రీలోడింగ్ మాన్యువల్‌లోని కనిష్ఠ పౌడర్ మోతాదు నుంచే మొదలుపెట్టి.