సౌండ్ బాత్‌లో గాంగ్ మోగగానే గుండెదడ, అందరికీ ఇలాగే ఉంటుందా?

విజయనగరంలో ఒక యోగా హాల్లో ఆదివారం సాయంత్రం 6 గంటలకు సౌండ్ బాత్ (శబ్దాలు వింటూ సేదతీరే సెషన్) పెడుతున్నారు. చాప మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంటే కంచు గిన్నెలు, తర్వాత గాంగ్ (వేలాడదీసి కొట్టే పెద్ద లోహపు పళ్లెం) మోగిస్తారు. మొత్తం 50 నిమిషాలు. రెండుసార్లు వెళ్లాను.

మొదటి 20 నిమిషాలు గిన్నెలు మోగుతున్నంతసేపూ హాయిగానే ఉంటుంది, ఒళ్లు బరువెక్కి కునుకు పట్టేస్తుంది. గాంగ్ మొదలైందంటే చాలు, ఛాతీలో అదురు, గుండె దడదడ, దవడ బిగుసుకుపోతుంది. ఆపాక పది నిమిషాలకి దడ తగ్గుతుంది గానీ ఆ రాత్రి రెండింటిదాకా నిద్ర రాదు. మొదటిసారి ఎడమ చెవిలో సన్నటి ఈల మర్నాడు పొద్దుటి వరకూ వినిపించింది. సిరిమానోత్సవంలో డప్పుల పక్కనే గంటలకొద్దీ నిలబడేవాణ్ణి, అప్పుడేమీ కాలేదు మరి!

నా వయసు 41. బీపీ మామూలుగానే ఉంది. మూర్ఛ, పేస్‌మేకర్ లాంటివేమీ లేవు. రెండోసారి గాంగ్‌కి 15 అడుగుల దూరంలో, గోడ వారగా పడుకున్నాను. చెవుల్లో దూది పెట్టుకున్నాను, మధ్యాహ్నం నుంచి టీ మానేశాను. చెవిలో ఈల రాలేదు, దడ మాత్రం అలాగే ఉంది. నేర్పేవారిని అడిగితే "లోపలి టెన్షన్ బయటికి పోతోంది" అన్నారు. నాకైతే నమ్మకం కుదరలేదు.

గాంగ్‌కి మీకూ ఇలాగే దడ వచ్చి ఉంటే, అది ఎన్నో సెషన్‌కి తగ్గింది?