బాధ్యులము కామా, గామా?

నార్కట్‌పల్లి నుంచి: నిన్న పొద్దున చిట్యాల దాటాక నా ముందు ఒక కంకర టిప్పర్. పైన కప్పే పట్టా లేదు. గులకరాయి ఒకటి ఎగిరొచ్చి నా కారు ముందు అద్దానికి టక్కున తగిలింది. అప్పటికి రూపాయి బిళ్లంత మచ్చ, ఇంటికి చేరేసరికి జానెడు గీత. అంత కోపంలో కూడా నా కండ్లు దాని వెనక డోరు మీది రాత మీదే ఉన్నాయి. పసుపు అక్షరాలు, ఎర్ర అంచు: "రాయి తగిలి అద్దం పగిలినచో మేము బాధ్యులము..." ఆ తర్వాతి అక్షరం మీద బురద, దీర్ఘం మాత్రం బయటికి కనబడుతుంది, చివర "ము". కామా, గామా? రాత్రంతా అదే నసుగుడు. ఆ బండిని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ రాతకు కోర్టులో విలువ ఉంటుందా అన్నది కూడా ఎవరైనా చెప్పండి.

మిర్యాలగూడ పంతులు: గామే అయి ఉంటుంది. మన పెయింటర్లు నోట్లో ఉన్నదే గోడకెక్కిస్తారు. "అది గాదు" అనమా మనం? బాలవ్యాకరణంలో చిన్నయసూరి సూత్రం ఉండనే ఉంది: ప్రథమ మీది పరుషములకు గసడదవలు బహుళంబుగా నగు. అంటే ప్రథమా విభక్తిలో ఉన్న మాట తర్వాత వచ్చే క, చ, ట, త, పలు వరసగా గ, స, డ, ద, వలు అవుతాయి. కాబట్టి గాము యాస కాదు, అచ్చమైన వ్యాకరణం. నవ్వేవాళ్లు ముందు సూత్రం చదివి నవ్వాలి.

వనపర్తి: పంతులు గారూ, "బహుళంబుగా" దగ్గర మీరు కొంచెం స్పీడు పెంచారు. అవవచ్చు, కాకపోవచ్చు. ఇంకో చిక్కు: బాధ్యులములో ఉన్న ము వృక్షములో ఉన్న ప్రథమా విభక్తి ము కాదు. "మేము"ను బట్టి వచ్చి చేరింది. అది చేరాక కూడా ఆ మాటను ప్రథమ అనే అంటారా?

మిర్యాలగూడ పంతులు: అనక?

పాలమూరు వకీలు: ము సంగతి మీరు తేల్చండి, రెండో ప్రశ్న నాకు వదలండి. బండి ఎక్కినవాడి లెక్క వేరు, వెనక పోయేవాడి లెక్క వేరు. పర్మిటు ఉన్న రవాణా బండిలో ప్రయాణికుడు చనిపోయినా, దెబ్బ తగిలినా మాకు పూచీ లేదని టికెట్ షరతుల్లో రాసుకుంటే చెల్లదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 92వ సెక్షన్ అట్లాంటి ఒప్పందాన్నే కొట్టేస్తుంది. అందులో సామాను మాట లేదు, కాబట్టి "మీ సామానుకు మీరే బాధ్యులు" మీద కొట్లాడాలంటే వేరే దారి పట్టాలి. ఇక టిప్పర్. ఆ ఓనర్‌కూ మీకూ ఒప్పందమే లేదు. వాడి డోరు మీద వాడు రాసుకుంటే మీరు ఒప్పుకున్నట్టా? పట్టా కప్పకుండా కంకర తోలడం నిర్లక్ష్యం కిందికే వస్తుంది. 165వ సెక్షన్ ప్రకారం మూడో మనిషి, అంటే మీలాంటి వాళ్ల, ఆస్తి నష్టం కూడా మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చూడొచ్చు. కష్టమంతా రుజువులోనే. రాయి లోడులోంచి పడిందా, రోడ్డు మీదిది టైరు కింద పడి లేచిందా? రెండోదైతే కేసు పలచబడుతుంది. రాత చేసే పని ఒక్కటే, చదివినవాడు అడగకుండా ఇంటికి పోతాడు.

పార్కింగ్ చీటీల మీద "ఓనర్ రిస్క్" అని ఉంటుంది కదా, దాని మీద 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ వాళ్లు తాళం తీసుకొని నిలిపిన కారు పోయింది. తన నిర్లక్ష్యం ఉన్నప్పుడు చీటీ చూపించి తప్పించుకోలేవు అని తీర్పు.

దేవరకొండ కోడలు: అసలు "బాధ్య" అంటే సంస్కృతంలో బాధింపదగిన అని. అంటే టిప్పర్ వాడు చెప్పేది "మమ్మల్ని సతాయించకండి" అని! మా అత్తగారు మాత్రం "నా జిమ్మ గాదు" అంటారు. జిమ్మేదారి, జవాబుదారీ ఇంత బాగుండగా ఈ బాధ ఎందుకు?

సూర్యాపేట ఆటోనగర్: పూచీ ఉందిగా అక్కా. పూచికపుల్లలోంచే వచ్చి ఉంటుంది. పుల్ల విరిచి మాట ఇచ్చేవాళ్లేమో.

వనపర్తి: అన్నా, ఆ పుల్ల మీద అంత బరువు పెట్టకు.

దేవరకొండ కోడలు: బాధ్యత తప్పించుకోవడంలో మా పోతన్నను మించినవాడు లేడు. "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట". డ్రైవర్ నేను, ఓనర్ ఆయన!

పాలమూరు వకీలు: చట్టం కూడా అదే అంటుందమ్మా, పనిలో ఉండగా డ్రైవర్ చేసిన తప్పుకు ఓనర్ జవాబు చెప్పాలి. కాకపోతే ఆ పద్యంలో మూడు "అట"లు ఉన్నాయి. వినికిడి సాక్ష్యం, నిలవదు.

మిర్యాలగూడ పంతులు: ఆ పద్యంలోనే నా గాముకు సాక్ష్యం ఉంది. "నే బలికిన భవహర మగునట". పలికిన బలికిన కాలేదా?

వనపర్తి: దొరికారు పంతులు గారూ! గసడదవల్లో ప వస్తే వ అవుతుంది. మీ లెక్కన "నే వలికిన" కావాలి. ఇక్కడ బ వచ్చిందంటే "నేను" ద్రుతాంతం, అంటే చివర ద్రుతమనే నకారం ఉన్న మాట. దాని తర్వాత ప బ కావడం సరళాదేశం. వేరే సూత్రం, వేరే కేసు.

మిర్యాలగూడ పంతులు: తెలుసు. మీరు చూస్తున్నారా లేదా అని వేశాను.

దేవరకొండ కోడలు: 😀 అయినా పోతన్న తప్పించుకోలేదులెండి. భవహరం అవుతుందని వారంటీ కూడా ఇచ్చాడు.

పాలమూరు వకీలు: నార్కట్‌పల్లి అన్నా, టిప్పర్ నంబరు పంపు. ముందు నోటీసు ఇద్దాం. డాష్‌కెమెరా ఉందా?

నార్కట్‌పల్లి నుంచి: కెమెరా లేదు సార్. నంబరు... రాత చదవడంలో పడి చూడలేదు.

సూర్యాపేట ఆటోనగర్: 😂😂

మిర్యాలగూడ పంతులు: నంబరు పోతే పోయింది. పగిలినచోలో అరసున్న ఏమైనా కనబడిందా?