కొత్త లోహ క్లస్టర్‌కు స్ఫటిక నిర్మాణం ఒక్కటే రుజువుగా చాలుతుందా?

వివర్తనం (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మేము ఒక కొత్త రుథేనియం కార్బొనైల్ క్లస్టర్‌ను (కొన్ని లోహ పరమాణువులు ఒక గుత్తిగా కూడి, వాటికి కార్బన్ మోనాక్సైడ్ అణువులు అంటి ఉన్న పదార్థాన్ని) తయారుచేసి, ఏకస్ఫటిక ఎక్స్-రే వివర్తనంతో దాని నిర్మాణాన్ని నిర్ధారించుకుని, ఒక పత్రికకు వ్యాసం పంపాము. మూలక విశ్లేషణలో, అంటే నమూనాను కాల్చి అందులో ఏ మూలకం ఎంత శాతం ఉన్నదో కొలిచే పరీక్షలో, కార్బన్ శాతం లెక్క ప్రకారం రావలసినదానికన్నా 0.7 తక్కువగా ఉన్నదనీ, అంగీకరించదగిన హద్దు 0.4 మాత్రమేననీ చెప్పి సమీక్షకుడు దాన్ని తిప్పి పంపారు. స్ఫటిక నిర్మాణం చేతికి వచ్చిన తరువాత కూడా మూలక విశ్లేషణను తప్పనిసరి చేయడం సమంజసమేనా అన్నదే నా ప్రశ్న. కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

1943లో హీబర్, లగాలీ ఒక రోడియం కార్బొనైల్‌ను తయారుచేసి, అందులో నాలుగు రోడియం పరమాణువులకు పదకొండు కార్బొనైల్‌లు ఉన్నాయని సూత్రం రాశారు. ఇరవై ఏళ్ల తరువాత, 1963లో, కోరీ, డాల్, బెక్ అదే పదార్థాన్ని ఎక్స్-రే వివర్తనంతో పరిశీలిస్తే ఆరు రోడియంలు అష్టముఖిగా కూడి, వాటి చుట్టూ పదహారు కార్బొనైల్‌లు కనిపించాయి. ఈ రెండు సూత్రాలకూ కార్బన్ శాతాన్ని మీరే లెక్కగట్టి చూడండి. మొదటిదానికి 18.36, రెండవదానికి 18.03 వస్తుంది. అంటే ఆ పాత తప్పు సూత్రాన్ని నేటి 0.4 హద్దుతో కొలిచినా అది నెగ్గిపోతుంది. 1962లో ఐదు ఇనుప పరమాణువుల క్లస్టర్‌లో, చతురస్ర పిరమిడ్ పీఠం దగ్గర ఇమిడి ఉన్న ఒంటరి కార్బన్ పరమాణువును బయటపెట్టింది కూడా వివర్తనమే.

పైగా, దహనం మీద ఆధారపడిన ఈ పరీక్షకు మన పదార్థాలు సులభంగా లొంగవు. కొన్ని లోహాలు కార్బన్‌ను కార్బైడ్‌గా పట్టి ఉంచుతాయి, స్ఫటికంలో చిక్కిన ద్రావణి ఆరబెట్టినప్పుడు కొంత పోయి కొంత మిగులుతుంది, గాలి తగిలితే చెడిపోయే నమూనా తూకం వేసే లోపే మారిపోతుంది. ఒకే శుద్ధ నమూనాలను అనేక ప్రయోగశాలలకు పంపి చూసిన 2022 నాటి అంతర్జాతీయ పరిశీలన కూడా ఆ 0.4 హద్దుకు గట్టి ఆధారం లేదనే తేల్చింది.

గ్లవ్‌బాక్స్

వివర్తనం గారూ, రోడియం ఉదాహరణను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే మీరు రుజువు చేసినది దేని గురించో ఒక్కసారి ఆలోచించండి. వివర్తనానికి మీరు ఎంచుకున్న స్ఫటికం ప్రతి పక్కా 0.1 మిల్లీమీటరు ఉంటుందనుకుందాం. సాంద్రత ఘన సెంటీమీటరుకు రెండున్నర గ్రాములైతే దాని బరువు సుమారు 2.5 మైక్రోగ్రాములు. ఫ్లాస్కులో 200 మిల్లీగ్రాముల పదార్థం ఉంటే మీరు చూసినది అందులో ఎనభై వేలవ వంతు. అదీ యాదృచ్ఛికంగా తీసినది కాదు, సూక్ష్మదర్శిని కింద వెతికి, అన్నిటికన్నా అందంగా ఉన్నదాన్ని ఏరినది. మిగిలిన పొడి కూడా అదేనని చెప్పడానికి మీ వద్ద ఉన్న ఆధారం ఏమిటి? దిగుబడి 64 శాతం అని వ్యాసంలో రాసినప్పుడు ఆ అంకె స్ఫటికానికి చెందినది కాదు, పొడికి చెందినది.

ఇక ఆ ఒక్క స్ఫటికం విషయంలోనైనా వివర్తనం పొరబడదా అంటే, పొరబడిన చరిత్ర మన రంగంలోనే ఉన్నది. 1971లో చాట్, ఆయన సహచరులు ఒక మాలిబ్డినం ఆక్సో సంక్లిష్టం నీలం, ఆకుపచ్చ రూపాల్లో దొరుకుతున్నదని ప్రకటించారు. నీలం రూపంలో మాలిబ్డినం-ఆక్సిజన్ దూరం 1.676 ఆంగ్‌స్ట్రామ్‌లు, దానికి దగ్గరి పోలికగల ఒక ఆకుపచ్చ సంక్లిష్టంలో 1.803. రెండు రూపాల్లోనూ పరమాణువులు అవే, వాటి కూర్పు అదే, ఒక్క బంధం పొడవు మాత్రమే వేరు అన్నది వారి వాదన. దీనికి బంధ-సాగుదల సాదృశ్యం అని పేరు వచ్చింది, సిద్ధాంతకర్తలు దానికి వివరణలు కూడా సమకూర్చారు. ఇరవై ఏళ్ల తరువాత పార్కిన్ బృందం తేల్చినది ఏమిటంటే, ఆకుపచ్చ రూపం అసలు వేరే పదార్థమే కాదు. నీలం సంక్లిష్టపు స్ఫటికంలోకి పసుపుపచ్చని ట్రైక్లోరో సంక్లిష్టం కొద్దిగా చొరబడింది. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ! ఆక్సిజన్ ఉండవలసిన చోట కొన్ని అణువుల్లో క్లోరిన్ కూర్చున్నది. ఆక్సిజన్‌కు ఎనిమిది ఎలక్ట్రాన్‌లు, క్లోరిన్‌కు పదిహేడు, పైగా క్లోరిన్ లోహానికి ఇంకా దూరంగా ఉంటుంది. ఆ రెంటి సగటును ఒక్క ఆక్సిజన్‌గానే లెక్కగడితే బంధం సాగినట్టు కనిపించింది. లేని దృగ్విషయం రెండు దశాబ్దాలపాటు బతికింది.

వివర్తనం

ఈ కథ నాకు తెలుసు, నన్ను ఇబ్బంది పెట్టే కథ కూడా ఇదే. కానీ మూలక విశ్లేషణ దాన్ని పట్టుకునేదా? ఇప్పుడే లెక్కవేశాను. నూటికి ఇరవై అణువులు ట్రైక్లోరో సంక్లిష్టానివైతే కార్బన్ 48.26 శాతం నుంచి 47.95కు దిగుతుంది. తేడా 0.31 మాత్రమే కనుక, మీరు కాపాడుకుంటున్న హద్దులోనే అది హాయిగా దాక్కుంటుంది.

గ్లవ్‌బాక్స్

మీ లెక్క సరైనదే. అయితే అదే మిశ్రమానికి క్లోరిన్ శాతం కూడా లెక్కవేయండి. 11.87 ఉండవలసినది 12.97 అవుతుంది, అంటే 1.1 పెరుగుతుంది. కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ మాత్రమే కొలిచి ఊరుకునే మన అలవాటును తప్పుపట్టండి, నేనూ మీతో గొంతు కలుపుతాను. అనుమానం ఏ మూలకం మీద ఉన్నదో ఆ మూలకాన్నే కొలవాలి. పరీక్షనే వదిలేయాలన్న మాటకు మాత్రం నేను రాలేను.

కొత్త పరిశోధకురాలు

పెద్దల చర్చ మధ్యలోకి వస్తున్నందుకు మన్నించాలి. నా సమస్య కొంచెం వేరు. నా వద్ద ఒక ఆస్మియం క్లస్టర్ ఉన్నది. స్ఫటిక నిర్మాణం బాగానే వచ్చింది గానీ, అందులో హైడ్రైడ్‌లు (లోహానికి నేరుగా అంటిన హైడ్రోజన్‌లు) ఎన్ని ఉన్నాయో తేలడం లేదు. కార్బన్ శాతం సరిపోయింది కనుక ఫరవాలేదని మా సహచరులు అంటున్నారు. దాన్ని నమ్మవచ్చునా?

హైడ్రైడ్

నమ్మవద్దమ్మా. ఆస్మియం క్లస్టర్‌లో రెండు హైడ్రోజన్‌లు పెరిగినా తగ్గినా మూలక విశ్లేషణలో కనిపించే మార్పు దాదాపు శూన్యం. ఎక్స్-రేలు ఎలక్ట్రాన్‌ల వల్ల చెదురుతాయి. ఆస్మియంకు 76 ఎలక్ట్రాన్‌లు, హైడ్రోజన్‌కు ఒక్కటి. భారీ లోహం పక్కన లెక్కింపు వల్లే పుట్టి మిగిలిపోయే కృత్రిమ అలల్లో ఆ ఒక్క ఎలక్ట్రాన్ ఆనవాలు మునిగిపోతుంది. ఈ ఒక్క విషయంలో మీరిద్దరు పెద్దలు వాదిస్తున్న రెండు పద్ధతులూ సమానంగా గుడ్డివే.

మొదట ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాలను చదివే పద్ధతి) తీసుకోండి. లోహానికి అంటిన హైడ్రైడ్ సంకేతాలు సాధారణంగా సున్నాకు దిగువన, రుణ విలువల వైపు చాలా దూరంగా వస్తాయి. లైగాండ్‌ల (లోహానికి అంటి ఉన్న ఇతర సమూహాల) సంకేతాలతో పోల్చి వైశాల్యం కొలిస్తే సంఖ్య తెలుస్తుంది. లైగాండ్‌లన్నీ కార్బొనైల్‌లే అయితే పోల్చడానికి ప్రోటాన్‌లు ఉండవు కనుక, తూకం తెలిసిన ఒక ప్రమాణ పదార్థాన్ని కలపాలి. మాస్ స్పెక్ట్రమ్‌ను కూడా జాగ్రత్తగా చదవండి. ఆస్మియంకు సహజ ఐసోటోపులు ఏడు ఉన్నందువల్ల ఒక్కొక్క అయాను శిఖరాల గుంపుగా కనిపిస్తుంది, అందులో ఒక హైడ్రోజన్ తేడా సులభంగా కలిసిపోతుంది. గుంపు మొత్తం ఆకృతిని లెక్కించిన ఆకృతితో పోల్చాలి, ఎత్తైన శిఖరాన్ని మాత్రమే చూసి తేల్చకూడదు. లోహాల మధ్య దూరాలు, క్లస్టర్ ఎలక్ట్రాన్ లెక్క కూడా తోడ్పడతాయి. మూడు ఆస్మియంలు, పన్నెండు కార్బొనైల్‌లున్న పసుపు క్లస్టర్‌లో లోహ బంధాలు సుమారు 2.88 ఆంగ్‌స్ట్రామ్‌లు. పది కార్బొనైల్‌లు, రెండు హైడ్రైడ్‌లున్న ఊదా క్లస్టర్‌లో హైడ్రైడ్‌లు వారధిగా ఉన్న బంధం సుమారు 2.68. హైడ్రైడ్ కంటికి కనిపించకపోయినా లోహాల మీద దాని గుర్తు ఉంటుంది.

మిల్లీమీటరు స్థాయి స్ఫటికాన్ని పెంచగలిగితే న్యూట్రాన్ వివర్తనం నేరుగా చూపిస్తుంది. ఒకప్పుడు రుణావేశిత రీనియంగా భావించిన లవణంలో, ఒక్క రీనియం చుట్టూ తొమ్మిది హైడ్రైడ్‌లున్నాయని 1964లో స్థిరపరచినది ఆ పద్ధతే. 1984లో కూబస్ ప్రకటించిన టంగ్‌స్టన్ సంక్లిష్టంలో హైడ్రోజన్ అణువు చీలిపోకుండానే లోహానికి అంటి ఉన్నదనడానికి న్యూట్రాన్‌లు 0.82 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరాన్ని చూపాయి. ఒక హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టి తీసిన ఎన్‌ఎంఆర్‌లో వచ్చిన సుమారు 33 హెర్ట్జ్‌ల యుగ్మన విలువ (రెండు కేంద్రకాలు ఒకదాని సంకేతాన్ని ఒకటి చీల్చే దూరం) దాన్ని బలపరచింది. ఈ రెండవ ఆధారం లేకపోయి ఉంటే ఆ రోజుల్లో చాలామంది ఒప్పుకునేవారు కారని నా నమ్మకం.

వివర్తనం

హైడ్రైడ్ గారు చెప్పిన కృత్రిమ అలల మాట నన్ను ఆపింది. నైట్రోజినేజ్ ఎంజైమ్‌లోని ఇనుము-మాలిబ్డినం క్లస్టర్‌కు 1992లో నిర్మాణం వచ్చినప్పుడు దాని నడిమి చోటు ఖాళీగా కనిపించింది. 2002లో 1.16 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూస్తే గానీ అక్కడ ఒక తేలికపాటి పరమాణువు ఉన్నదని తెలియలేదు. తక్కువ స్పష్టతలో చుట్టూ ఉన్న ఇనుము, గంధకాల అలలే దాన్ని మింగేశాయి. అది కార్బనా, నైట్రోజనా, ఆక్సిజనా అన్నది తేలడానికి 2011 దాకా ఆగవలసి వచ్చింది, ఎక్స్-రే ఉద్గార వర్ణపటం సాయం కూడా కావలసి వచ్చింది. కనుక ‘ఒక్కటే చాలు’ అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ 0.4 అన్న గీతను మాత్రం ఒప్పుకోను. నా పొడి నిజంగా ఆ స్ఫటికమేనా అన్న గ్లవ్‌బాక్స్ గారి ప్రశ్నకు దహనం కన్నా సూటిగా జవాబిచ్చేది పొడి వివర్తనం. ఏకస్ఫటిక నిర్మాణం నుంచి రావలసిన పొడి వివర్తన శిఖరాల చిత్రాన్ని లెక్కించి, కొలిచినదాని మీద పెట్టి చూస్తే, అదనపు శిఖరం ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది.

గ్లవ్‌బాక్స్

స్ఫటికరూపంలో ఉన్న మలినమైతే బయటపడుతుంది. అస్ఫటిక మలినం, ఉదాహరణకు మిగిలిపోయిన సిలికా లేదా విచ్ఛిన్నమైన లోహపు నలుసు, శిఖరాలు ఇవ్వదు. మీ కార్బన్ 0.7 తక్కువ వచ్చిందన్నారు కదా, హైడ్రోజన్ కూడా అదే నిష్పత్తిలో తగ్గిందా? తగ్గితే కార్బన్ లేని పదార్థమేదో మీ పొడిలో ఉన్నట్టు. హైడ్రోజన్ సరిపోయి కార్బన్ మాత్రమే తగ్గితే మీరన్న కార్బైడ్ వాదానికి బలం వస్తుంది, అప్పుడు వెనేడియం పెంటాక్సైడ్ కలిపి మళ్లీ దహనం చేయించి చూడవచ్చు.

వివర్తనం

ఇప్పుడే నివేదిక తీసి చూశాను. హైడ్రోజన్ కూడా తగ్గింది, దాదాపు అదే నిష్పత్తిలో. మేము ఈ పదార్థాన్ని చివరిగా సిలికా కాలమ్ గుండానే శుద్ధిచేశాము. మిగిలిన పొడిని డైక్లోరోమీథేన్‌లో కరిగించి, సెలైట్ (వడపోతకు వాడే మెత్తని పొడి) గుండా వడగట్టి, పునఃస్ఫటికీకరణ చేసి, కార్బన్‌తో పాటు రుథేనియం శాతాన్ని కూడా కొలిపించి ఫలితాలను ఇదే చర్చలో పెడతాను.