ఇద్దరి జట్టు మౌంటెన్ బైక్ పోటీ: శిక్షణ కలిసి చేయాలా, విడిగానా?

ప్రశ్న – కడప సభ్యుడు
నేనూ, అనంతపురంలో ఉండే మా బావమరిదీ ఇద్దరి జట్టుగా, వరుసగా కొన్ని రోజులు సాగే మౌంటెన్ బైక్ పోటీకి పేర్లిచ్చాము. దక్షిణాఫ్రికాలో 2004లో మొదలైన కేప్ ఎపిక్‌లో మాదిరిగానే ఇందులోనూ ఇద్దరి మధ్య రెండు నిమిషాలకు మించి ఎడం ఉండకూడదు. ఘాట్ ఎక్కడంలో అతను నాకంటే చాలా ముందుంటాడు. కలిసి తొక్కితేనే జట్టు కుదురుతుందని కొందరు, అలా చేస్తే ఇద్దరూ నష్టపోతారని కొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు – కర్నూలు సభ్యుడు
కలిసే తొక్కండి. నేను చూసినంతలో జట్లు చెడింది ఎక్కువగా మధ్యాహ్నం పూటే: ఒకరు ఆకలితో మొండికేస్తారు, ఇంకొకరు ఓపిక పట్టలేక ముందుకు వెళ్ళిపోతారు. తోటివాడు మాట్లాడటం మానేశాడంటే తిండి తక్కువైందా, కోపం వచ్చిందా అన్నది గంటల తరబడి అతని వెంట తొక్కినవారికే తెలుస్తుంది. ఎదురుగాలిలో ముందువాని చక్రానికి దగ్గరగా ఉండి తొక్కడం కూడా ఒంటరిగా నేర్చుకోగల విద్య కాదు.

జవాబు – అనంతపురం సభ్యుడు
కర్నూలు సోదరుల మాటలో సగమే అంగీకరిస్తాను. గువ్వలచెరువు ఘాట్‌ను మీరిద్దరూ పక్కపక్కనే ఎక్కారనుకోండి (లారీల రద్దీ తగ్గిన వేళ చూసుకోండి). మీరు రొప్పుతూ మాట పెగలని స్థితిలో ఉన్న వేగం ఆయనకు కబుర్లు చెప్పుకుంటూ ఎక్కే వేగం. దూరం, సమయం ఒకటే అయినా శరీరాలకు అందిన శిక్షణ రెండు రకాలు. ప్రతిసారీ ఇదే జరిగితే మీకు తేరుకునే రోజు, ఆయనకు కష్టపడే రోజు లేకుండా పోతాయి. అందుచేత వారం మధ్యలో ఎవరి ఊళ్ళో వారు, ఎవరి గుండె వేగాన్ని బట్టి వారు తొక్కాలి. నెలకు రెండుసార్లు మాత్రం శని, ఆదివారాలు వరుసగా కలవండి, ఎందుకంటే రెండో రోజు ఉదయం కాళ్ళు బరువెక్కినప్పుడు ఎవరు ఎలా ఉంటారన్నదే ఇలాంటి పోటీలో అసలు పరీక్ష. కలిసిన రోజుల్లో వేగం నిర్ణయించే హక్కు వెనకబడేవారికే ఉండాలి.

కర్నూలు సోదరులు చెప్పిన గాలి చాటు (ముందువాని వెనకే ఉండి గాలి దెబ్బ తప్పించుకోవడం) సంగతి కూడా కొంచెం ఆలోచించాలి. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక, చదునైన దారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ చాటు ఎంతో మేలు చేస్తుంది, 8 కిలోమీటర్లతో పాకే ఘాట్‌లో దాదాపు ఏమీ చేయదు. అక్కడ పనికొచ్చేది బరువు మార్పిడి. పంపు, విడి ట్యూబు, పనిముట్లు, రెండు లీటర్ల నీళ్ళు బలమైనవారి వీపుకు మారిస్తే మీ మీద రెండు కిలోలకు పైగా తగ్గుతుంది. బావమరిది కాదనడు లెండి.

కడప సభ్యుడు
వేగం నేనే నిర్ణయిస్తే అతనికి ఆ రెండు రోజులు వృథా కావా?

అనంతపురం సభ్యుడు
కావు. ఆయన తెల్లవారుజామునే ఒక్కరే ఘాట్ ఒకసారి గట్టిగా ఎక్కి దిగి, ఆ తరువాత మీతో కలవాలి.

కర్నూలు సభ్యుడు
ఇది నాకు నచ్చలేదు. ముందే అలసిపోయి వచ్చిన మనిషితో తొక్కితే, పోటీ రోజు అతను ఎలా ఉంటాడో మీకు తెలియదు. కనీసం చివరి నెలలోనైనా ఇద్దరూ ఒకేసారి బయలుదేరి, పోటీలో తినేదే తినాలి. దీర్ఘమైన పోటీల్లో గంటకు 60 నుండి 90 గ్రాముల పిండిపదార్థం తీసుకోమంటారు. అంత తిండిని అలవాటు లేని కడుపు ఒప్పుకోదు. మన వేరుశనగ ఉండల్లో కొవ్వు ఎక్కువ కనుక అవి విడిదికి చేరాక మంచివి, దారిలో అరటిపండు, బెల్లం నీళ్ళు మేలు. ఎండకు శరీరం అలవాటు పడటానికి కూడా 10 నుండి 14 రోజులు పడుతుంది.

అనంతపురం సభ్యుడు
చివరి నెల వరకైతే నాకు అభ్యంతరం లేదు. అయితే లంకమల్ల వైపు వెళ్ళాలనుకుంటే అది అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. మన పొలం బాటల్లో పల్లేరు కాయలు టైర్లను వదలవు కనుక ట్యూబ్‌లెస్ టైర్లు వేసి, వేసవిలో త్వరగా ఎండిపోయే సీలెంట్‌ను (చిన్న రంధ్రాలు పూడ్చడానికి టైరు లోపల పోసే ద్రవం) తరచుగా చూసుకోండి. ఇద్దరి చక్రాల సైజు, గొలుసు రకం ఒకటే అయితే ఒక్క సంచిలోని విడి భాగాలు ఇద్దరికీ సరిపోతాయి. బావమరిది సైకిలుకు 29 అంగుళాల చక్రాలేనా?