అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్: స్కేలు, పికప్, తీగలు

పర్లాకిమిడి నుంచి:
కర్ణాటక కచేరీకి అయిదు ఒంటి తీగల మాండొలిన్ చేయిస్తున్నాం. పనస చెక్క బాగా ఎండింది. స్కేలు (తీగ మోగే పొడవు) 355 మి.మీ. గిటార్ పికప్ (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేది) సరిపోతుందా? మంద్రం తీగ ఎంత లావుండాలి?

రాయగడ నుంచి:
స్కేలు బాగుందండి. 355ని 17.817తో భాగిస్తే 19.92, మొదటి ఫ్రెట్ (మెట్టు) అక్కడ. మిగిలిన పొడవును మళ్లీ అలాగే భాగిస్తూ పోండి. 12వది 177.5 దగ్గర పడకపోతే లెక్క తప్పినట్టే. గుర్తులన్నీ నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచే కొలవాలి, ఫ్రెట్ నుంచి ఫ్రెట్‌కు కొలిస్తే చిన్న తేడాలు పోగవుతాయి. సాడిల్స్ (రెండో చివర తీగలు ఆనే దిమ్మలు) కదిలే బ్రిడ్జే తీసుకోండి. లావు తీగ సాడిల్‌ని కాస్త వెనక్కి జరపాలి.

ఆరు పోల్స్ (తీగకొకటి చొప్పున ఉండే అయస్కాంత మొనలు) ఉన్న గిటార్ పికప్ మాత్రం వద్దు. తీగ పోల్స్ మధ్యన పడితే నీరసంగా పలుకుతుంది, గమకానికి లాగితే ఇంకా ఎగుడుదిగుడు. బ్లేడు పికప్ (పోల్స్ బదులు ఒకే పొడుగు పట్టీ ఉన్నది) పెట్టండి.

జయపురం నుంచి:
మంద్రానికి 0.046 అంగుళం, నికెల్ చుట్టినది. సన్నదైతే ఇంత పొట్టి స్కేలు మీద వదులై ఫ్రెట్లకు కొట్టుకుంటుంది. కంచు చుట్టినది మాగ్నెటిక్ పికప్‌కి సరిగా అందదు. మాండొలిన్ విద్వాంసులు ఉప్పలపు శ్రీనివాస్ గారు జంట తీగలు వదిలేసింది గమకం కోసమే కదా, అందుకని ఫ్రెట్లు ఎత్తుగా ఉండనివ్వండి.

పర్లాకిమిడి నుంచి:
హమ్ (స్పీకర్లో గుయ్‌మనే రొద) వస్తే?

రాయగడ నుంచి:
బ్రిడ్జికి గ్రౌండ్ వైరు తప్పనిసరి. తీగ ముట్టుకుంటే హమ్ తగ్గుతోందంటే గ్రౌండ్ ఉంది, షీల్డింగే (బయటి రొద చొరబడకుండా వేసే రేకు కప్పు) చాలలేదు. పికప్ గాడిలో రాగి రేకు అతికించి, ముక్కలన్నీ టంకంతో కలిపి గ్రౌండ్‌కి వేయండి.