ఒకే పిన్‌తో పీజో బిళ్లను మోగించడం, వెంటనే దానితోనే వినడం

ప్రశ్న (చెన్నై):
అందరికీ నమస్కారం. మా అమ్మగారికి వినికిడి తగ్గింది. ఎవరైనా తలుపు తడితే వంటింట్లో దీపం వెలగాలి, తట్టినవారికి చిన్న బీప్ వినబడాలి. రిచీ స్ట్రీటులో కొన్న పీజో బిళ్లను (కరెంటు పల్స్‌లు ఇస్తే మోగే, తడితే తానే వోల్టేజి పుట్టించే పలుచని బిళ్ల) తలుపు లోపలివైపు అతికించి, 1 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు 6వ పిన్‌కు కలిపాను. బిళ్లకు సమాంతరంగా 1 మెగాఓమ్ పెట్టాను. అనలాగ్‌రైట్‌తో బీప్ మోగించి, పిన్‌మోడ్‌తో ఇన్‌పుట్‌గా మార్చి, డిజిటల్‌రీడ్‌తో చదువుతున్నాను. రెండు చిక్కులు వచ్చాయి. బీప్ ఆగిన వెంటనే ఎవరూ తట్టకపోయినా కొన్నిసార్లు తట్టినట్లు చూపుతోంది. తర్వాత పిన్‌ను తిరిగి అవుట్‌పుట్‌గా మార్చినా పీడబ్ల్యూఎం (బీప్‌ను మోగించే వేగమైన పల్స్‌ల వరుస) రావడం లేదు.

జవాబు 1:
రెండో చిక్కుకు కారణం డిజిటల్‌రీడ్. ఆ ఫంక్షన్ పిన్‌ను చదివే ముందు దాని పీడబ్ల్యూఎంను తెంచివేస్తుంది. పిన్‌మోడ్ దాన్ని తిరిగి కలపదు. అనలాగ్‌రైట్‌ను మళ్లీ పిలవాలి, లేదా పిన్‌ల స్థితిని చూపే పిన్‌డీ రిజిస్టర్‌ను (చిప్ లోపలి చిన్న మెమరీ గడి) నేరుగా చదవాలి.

జవాబు 2:
మొదటి చిక్కు పీడబ్ల్యూఎంను నడిపే టైమర్‌ది కాదు, బిళ్లది. ఊనోలోని చిప్ ఏటీమెగా328పీలో, పిన్ ఇన్‌పుటా అవుట్‌పుటా అని నిర్ణయించే డీడీఆర్ బిట్‌ను 0 చేస్తే టైమర్ నడుస్తున్నా పిన్ హై ఇంపీడెన్స్‌లోకి, అంటే దేన్నీ నడపని స్థితిలోకి వెళ్తుంది. అయితే పోర్ట్ బిట్ 1గా ఉంటే 20 నుంచి 50 కిలోఓమ్‌ల పుల్‌అప్ (పిన్‌ను 5 వోల్టుల వైపు లాగే లోపలి రెసిస్టర్) తగులుకుంటుంది. మీరు వాడిన పిన్‌మోడ్ ఆ బిట్‌ను కూడా 0 చేస్తుంది కాబట్టి ఇక్కడ ఆ భయం లేదు. అసలు సంగతి ఏమిటంటే, పీజో బిళ్ల ఒక కెపాసిటర్. మీ బిళ్ల 20 నానోఫారడ్‌లనుకుంటే, పల్స్ 5 వోల్టుల వద్ద ఉన్న క్షణంలో పిన్‌ను వదిలినప్పుడు ఆ ఛార్జ్ పోవడానికి 1 మెగాఓమ్ ఒక్కటే దారి కనుక, టైమ్ కాన్‌స్టంట్ (ఛార్జ్ సుమారు మూడింట రెండు వంతులు దిగడానికి పట్టే సమయం) 20 మిల్లీసెకన్లవుతుంది, ఆ మేరకు పిన్ తట్టినట్లే చదువుతుంది. పల్స్ 0 వోల్టుల వద్ద ఉన్నప్పుడు వదిలితే ఏమీ జరగదు, అందుకే మీకు కొన్నిసార్లే కనిపిస్తోంది.

కాబట్టి ముందు డిజిటల్‌రైట్‌తో పిన్‌ను లో (0 వోల్టులు) చేయండి. అది పీడబ్ల్యూఎంను కూడా ఆపుతుంది. 1 కిలోఓమ్ ద్వారా ఛార్జ్ 20 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో దిగిపోతుంది, కానీ బిళ్ల, తలుపు చెక్క ఇంకా కంపిస్తుంటాయి కనుక కొన్ని మిల్లీసెకన్లు ఆగి, ఆ తర్వాతే ఇన్‌పుట్ చేయండి. ఆ 1 కిలోఓమ్‌ను మాత్రం తీయవద్దు. గట్టిగా తట్టినప్పుడు 5 వోల్టులు దాటితే పిన్‌లోకి వెళ్లే కరెంటును అదుపులో పెట్టేది అదే.

ప్రశ్న అడిగినవారు:
15 మిల్లీసెకన్లు ఆపాను, అబద్ధపు తట్టులు పోయాయి, పీడబ్ల్యూఎం కూడా తిరిగి వస్తోంది. ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే మెల్లగా తడితే పట్టుకోవడం లేదు.

జవాబు 2:
5 వోల్టుల సప్లైలో డిజిటల్ ఇన్‌పుట్ కచ్చితంగా హై అని చదవాలంటే 3 వోల్టులు కావాలి. మెల్లని తట్టుకు అంత రాదు. మీరు ఎంచుకున్న 6వ పిన్ అదృష్టవశాత్తు అనలాగ్ కంపారేటర్ (రెండు వోల్టేజిల్లో ఏది ఎక్కువో చెప్పే చిప్ భాగం) ప్లస్ ఇన్‌పుట్ కూడా. 7వ పిన్ మైనస్ ఇన్‌పుట్. అక్కడ 100 కిలోఓమ్, 4.7 కిలోఓమ్ డివైడర్‌తో (వోల్టేజిని పంచి తగ్గించే రెండు రెసిస్టర్ల జతతో) సుమారు 0.22 వోల్టులు ఇవ్వండి. డీఐడీఆర్1 రిజిస్టర్‌లో ఆ రెండు పిన్‌ల డిజిటల్ బఫర్‌లను (పిన్‌ను 0 లేదా 1గా చదివే భాగాలను) ఆపేయవచ్చు, కానీ అప్పుడు డిజిటల్‌రీడ్ ఎప్పుడూ 0 ఇస్తుంది, కంపారేటర్ బిట్‌నే చూడాలి. ఇంటరప్ట్ (తట్టు రాగానే ప్రోగ్రామ్‌ను ఆపి పిలిచే ఏర్పాటు) వాడేట్లయితే, బీప్ సమయంలోనే కంపారేటర్ ఫ్లాగ్ (మార్పు జరిగిందని గుర్తుపెట్టే బిట్) లేచి ఉంటుంది కాబట్టి, వినడం మొదలుపెట్టే ముందు ఆ ఫ్లాగ్‌లో 1 రాసి చెరపండి.