కాంట్రాస్ట్‌లో మెదడులో ఉంగరంలా వెలిగే మచ్చ: కణితా, చీముగడ్డా, టీబీనా?

ఒంగోలు ఎమ్మారై టెక్నీషియన్:
ఫిట్స్ అని కనిగిరి, కందుకూరు వైపు నుంచి వచ్చే కేసుల్లో మెదడులో ఇలాంటి ఉంగరం మచ్చలు తరచూ పడుతున్నాయి. మాది 1.5 టెస్లా మిషన్. టీ1, టీ2, ఫ్లెయిర్, డిఫ్యూజన్ (నీటి కదలిక చూపేది), కాంట్రాస్ట్ టీ1 (నరంలోకి మందు ఎక్కించి తీసేది) అనే రకాల స్కాన్లు తీసి పంపితే ‘ఏందో తేలలేదు, మళ్ళీ తీయండి’ అంటున్నారు. పేషెంటును రెండోసారి తిప్పకుండా ఒకే సిట్టింగ్‌లో ఇంకేం తీయాలి సార్?

నెల్లూరు రేడియాలజిస్టు:
ముందు ఏడీసీ మ్యాప్ (డిఫ్యూజన్ నుంచి నీటి కదలికను లెక్కగట్టిన బొమ్మ) పంపుతున్నారా? సగం జవాబు అందులోనే ఉంది. ఉంగరం నడుమ చూడండి. చీము చిక్కన, అందులో నీరు కదలదు. డిఫ్యూజన్‌లో తెల్లగా, ఏడీసీలో నల్లగా వస్తుంది. గ్లయోబ్లాస్టోమా (మెదడులోనే పుట్టే క్యాన్సర్ కణితి) నడుమ కుళ్ళిన చోటు పల్చన, అక్కడ ఏడీసీ తెల్లగా ఉంటుంది. రెండింట్లోనూ తెలుపైతే అది టీ2 వెలుగు (టీ2లోని తెలుపే డిఫ్యూజన్‌లో కనబడటం), చీము అని రాసేయొద్దు.

తిరకాసు ఎక్కడంటే, కణితిలో రక్తం కారినా ఏడీసీ నల్లబడొచ్చు. అందుకే ఎస్‌డబ్ల్యుఐ (రక్తపు మరకలను నల్లగా చూపే స్కాన్) కూడా తీయండి. అందులో చీముగడ్డ గోడ సాధారణంగా జంటగీతగా కనిపిస్తుంది, బయట నలుపు, లోపల తెలుపు. గ్లయోబ్లాస్టోమాలో నల్లగీత తెగి తెగి ఉంటుంది, గోడ మందమూ ఎగుడుదిగుడే.

టీ2లో నడుమ నల్లగా, గుత్తిగా, 20 మి.మీ. దాటి ఉంటే మన ప్రాంతంలో టీబీనే ముందు అనుకోవాలి. అంతకంటే చిన్నదై లోపల ఓ పక్కన చుక్క ఉంటే అది పురుగు తల, సిస్టిసర్కోసిస్ (బద్దెపురుగు పిల్ల మెదడులో చేరే జబ్బు). 5 మి.మీ. స్లైసుల్లో ఆ చుక్క జారిపోతుంది, 1 మి.మీ. త్రీడీ తీయండి.

కావలి టెక్నీషియన్:
గ్లయోబ్లాస్టోమానా, వేరే చోటి క్యాన్సర్ పాకిందా తేల్చేదానికి పర్ఫ్యూజన్ (మందు పారే తీరును బట్టి రక్త పరిమాణం కొలిచే స్కాన్) కావాలి అన్నా. ఉంగరం బయటి వాపులో రక్త పరిమాణం పెరిగి ఉంటే గ్లయోబ్లాస్టోమా వైపు, ఎందుకంటే దాని కణాలు వాపులోకీ పాకుంటాయి. పాకిన క్యాన్సర్ చుట్టూ ఉండేది ఉత్త నీరే. మోచేతి మడత దగ్గర 18 లేదా 20 గేజి క్యాన్యులా (నరంలో పెట్టే గొట్టం), మందు సెకనుకు 4–5 మి.లీ., వెనకే 20 మి.లీ. సెలైన్. అరచేతి వెనక సన్నటి 22 గేజితో నెడితే మందు సాగిపోయి గ్రాఫు చదునవుతుంది, అంకెలు పనికిరావు. కాంట్రాస్ట్ మందు 0.5 మోలార్ గాడోలినియమైతే కిలోకి 0.2 మి.లీ., అంటే 60 కిలోలకు 12 మి.లీ. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడకుండా ఎక్కించొద్దు.

ఒంగోలు ఎమ్మారై టెక్నీషియన్:
మా మిషన్లో పర్ఫ్యూజన్ లేదు. స్పెక్ట్రో (మచ్చలోని రసాయనాలను గ్రాఫుగా చూపేది) ఉంది.

నెల్లూరు రేడియాలజిస్టు:
అదీ పనికొస్తుంది, కాంట్రాస్ట్‌కు ముందే తీయండి. ఒక బాక్సు (కొలిచే గడి) గోడ మీద, ఇంకోటి వాపులో. వాపులో కూడా కోలిన్ (కణాలు పెరిగేచోట ఎక్కువయ్యే రసాయనం) ఎత్తుగా లేస్తే గ్లయోబ్లాస్టోమానే అనుమానించాలి. బాక్సు పుర్రెకు తగిలితే తలచర్మం కొవ్వు గ్రాఫులో 1.3 పీపీఎం దగ్గర పెద్ద లిపిడ్ (కొవ్వు) శిఖరంగా లేస్తుంది, దాన్ని టీబీ గడ్డలోని లిపిడ్ అనుకుని టీబీ అనేస్తారు.

ఇంకోటి. ఉంగరం కాకుండా మచ్చంతా ఒకేలా వెలిగి, ఏడీసీ నల్లగా, వెంట్రికిల్‌ను (మెదడులోని నీటి గదిని) ఆనుకుని ఉంటే లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) కావచ్చు. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. బయాప్సీకి ముందే డెక్సామెథాసోన్ (వాపు తగ్గించే స్టెరాయిడ్) పడితే మచ్చ కరిగిపోయి, తీసిన ముక్కలో ఏమీ దొరక్కపోవచ్చు.